హైదరాబాద్ మేడ మీద నుంచి నెబ్యులాల ఫొటోగ్రఫీ: మామూలు కెమెరాతో సమగ్ర మార్గదర్శి

జనవరిలో రాత్రి తొమ్మిది దాటాక కూకట్‌పల్లిలోనో బోడుప్పల్‌లోనో మేడ ఎక్కి చూస్తే ఓరియన్ నక్షత్రరాశి నడుము మీది మూడు చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటికి దక్షిణంగా వేలాడే కత్తి మాత్రం కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఆ కత్తి నడుమే, సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో, ఎం42 ఉంది. ఓరియన్ నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువుల, ధూళి మబ్బు, అదే. కంటికి సరిగా ఆనని ఈ మబ్బును పాత డీఎస్ఎల్ఆర్, 135 మి.మీ. లెన్సు, చుక్కల వెంట కెమెరాను తిప్పే చిన్న ట్రాకర్‌తో అదే మేడ మీద నుంచి రంగులతో సహా పట్టొచ్చు. ఊరు దాటి వెళ్లక్కర్లేదు. అయితే చీకటి ఆకాశం కోసం చెప్పిన సెట్టింగులు ఇక్కడ పెడితే ఫ్రేమంతా పాలిపోతుంది. నగరంలో ఫొటో బాగా రావాలంటే మూడు విషయాలు చూసుకోవాలి: సరైన నెబ్యులాను ఎంచుకోవడం, గంటల కొద్దీ కాంతిని పోగేయడం, నేపథ్యంలో పరుచుకున్న వెలుగును శ్రద్ధగా తీసేయడం. కెమెరా ఖరీదు వీటి తర్వాతే.

వెలుగు ఎంత నష్టం చేస్తుంది

మంచి చీకటి ఆకాశంతో పోలిస్తే హైదరాబాద్ శివార్ల ఆకాశం మూడున్నర మ్యాగ్నిట్యూడ్ల (ప్రకాశాన్ని కొలిచే మెట్లు) దాకా ఎక్కువ వెలుగుతో ఉంటుందనుకోండి. అంటే నేపథ్యం 25 రెట్లు ప్రకాశవంతం. నెబ్యులా కాంతి తగ్గదు, కానీ దాని మీద పడే గరుకుదనం, అంటే నాయిస్, పెరుగుతుంది. చీకట్లో పది నిమిషాల్లో వచ్చే నాణ్యతకు ఇక్కడ ఫిల్టర్ లేకుండా నాలుగు గంటలు పడుతుంది. ఫ్రేములు పోగేసి సగటు తీస్తే నాయిస్ తగ్గుతుంది గానీ మెల్లగానే తగ్గుతుంది: సమయం నాలుగు రెట్లు చేస్తే నాణ్యత రెండు రెట్లవుతుంది. గంట తీసి నిరాశపడిన ఫొటో నాలుగు గంటలకు బాగుపడుతుంది. ఆ తర్వాత అంతే తేడా మళ్లీ కనిపించాలంటే పదహారు గంటలు కావాలి.

హైదరాబాద్‌కు ఈ సమస్య కొత్తది కాదు. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో ఉండగా, ప్రపంచవ్యాప్త నక్షత్ర పట్టిక కోసం గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోప్‌ను నగరానికి దూరంగా, రంగాపూర్ దగ్గర పెట్టుకుంది. మనకు ఆ వీలు లేదు. అయితే గాజు పలకకు లేని సౌకర్యం మన చేతిలో ఉంది: వందల ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చి కలపగలం.

ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

తనంతట తాను వెలిగే హైడ్రోజన్, ఆక్సిజన్ మబ్బులను ఎంచుకోండి. వీటి కాంతి కొన్ని సన్నని గీతలకే పరిమితం: హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 495.9, 500.7 దగ్గర. నగరం వెలుగు మాత్రం వర్ణపటమంతా పరుచుకుని ఉంటుంది. కాబట్టి ఫిల్టర్‌తో ఆ గీతలను మాత్రం రానిచ్చి మిగతాది ఆపేయొచ్చు. పక్క నక్షత్రాల కాంతిని ప్రతిఫలించే నీలి నెబ్యులాలు వేరు. కృత్తికల చుట్టూ ఉన్న నీలి మసక, జ్యేష్ఠ దగ్గరి రంగుల ధూళి ఈ కోవలోవే. వాటి కాంతి కూడా వర్ణపటమంతా ఉంటుంది గనుక ఏ ఫిల్టరూ వాటిని వేరు చేయలేదు. నల్లని ధూళి మబ్బులదీ అదే పరిస్థితి. వాటిని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు వెళ్లిన రోజుకు దాచుకోండి.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దక్షిణపు నెబ్యులాలు ఐరోపా వాళ్లకంటే మనకు చాలా ఎత్తులో కనిపిస్తాయి. ఇది మన అదృష్టం. అయితే వానాకాలం ఒక పెద్ద భాగాన్ని మింగేస్తుంది. నెలలను ఇలా పంచుకోవచ్చు.

అక్టోబర్ చివర, వానలు వెనక్కి తగ్గగానే, చీకటి పడే వేళకు ఎన్‌జీసీ 7000 (నార్త్ అమెరికా నెబ్యులా) నడినెత్తికి కొంచెం ఉత్తరంగా 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దానికి మూడు నాలుగు వారాలే సమయం, ఆ తర్వాత సాయంత్రానికే వాయవ్యంలోకి వాలిపోతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఓరియన్ ప్రాంతానిదే రాజ్యం. ఎం42 మధ్యాహ్న రేఖను (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే ఊహా రేఖ) డిసెంబర్ మధ్యలో అర్ధరాత్రి దాటిన కాసేపటికి, జనవరి మధ్యలో రాత్రి పదింబావుకు, ఫిబ్రవరి మధ్యలో ఎనిమిది దాటాక దాటుతుంది. అప్పుడు దాని ఎత్తు 67 డిగ్రీలు. గంట తర్వాత రోజెట్ నెబ్యులా దాదాపు 78 డిగ్రీలకు చేరుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దక్షిణం వైపు ఇళ్లు అడ్డం లేకపోతే కెరీనా నెబ్యులాను ప్రయత్నించండి. ఏప్రిల్ మొదట్లో రాత్రి పదిన్నర ప్రాంతంలో అది గరిష్ఠంగా 12, 13 డిగ్రీలకే వస్తుంది, కానీ చాలా ప్రకాశవంతమైనది కాబట్టి పడిన శ్రమ వృథా పోదు. ధనుస్సులోని లగూన్ నెబ్యులా (ఎం8) అర్ధరాత్రి మధ్యాహ్న రేఖ మీదికి వచ్చేది జూన్ చివర, అంటే మబ్బుల్లో. అందుకే దాన్ని ముందే పట్టాలి: ఏప్రిల్ మధ్యలో తెల్లవారుజామున నాలుగూముప్పావుకు, మే మధ్యలో రెండూముప్పావుకు అది 48 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

మొదటి ప్రయత్నానికి ఎం42 తప్ప వేరేది వద్దు. తప్పులు చేసినా ఏదో ఒకటి కనిపిస్తుంది, ఏం తప్పు జరిగిందో ఫొటోలోనే తెలుస్తుంది.

చంద్రుడి విషయంలో పంచాంగం చాలు. ఫిల్టర్ లేకుండా తీసేవాళ్లు బహుళ నవమి నుంచి శుద్ధ పంచమి దాకా సాయంత్రాలు వాడుకోవాలి, పంచమి నాడు చంద్రుడు అస్తమించేదాకా ఆగాలి. సన్నని ఫిల్టర్ ఉంటే శుద్ధ అష్టమి దాకా పని నడుస్తుంది. దీపావళి పొగ, చలికాలపు తెల్లవారుజాము పొగమంచు, భోగి మంటలు మాత్రం ఏ ఫిల్టర్‌కూ లొంగవు. గాలిలో కణాలు ఎక్కువైన రాత్రి నగరం వెలుగే వెనక్కి తిరిగి లెన్సులోకి వస్తుంది. వాన కడిగి వెళ్లిన మర్నాడు ఆకాశం తెరిపిస్తే ఆ రాత్రిని వదలకండి.

సామగ్రి: ఏది ముందు కొనాలి

ఉన్న కెమెరాతోనే మొదలుపెట్టండి. కెనాన్ 1300డీ, 1500డీ, 200డీ, నికాన్ డీ5600 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతాయి. మాన్యువల్ మోడ్, రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయని అసలు డేటా), లైవ్ వ్యూలో పది రెట్ల జూమ్ ఉంటే చాలు.

ట్రాకర్ లేకుండా, మామూలు ట్రైపాడ్ మీద ఎంతవరకు వెళ్లొచ్చో లెక్క వేద్దాం. భూమి తిరగడం వల్ల చుక్కలు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతాయి. ఒక పిక్సెల్ ఎంత ఆకాశాన్ని చూస్తుందో తెలియాలంటే పిక్సెల్ సైజును (మైక్రాన్లలో) 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో (మి.మీ.లో) భాగించాలి. 1300డీ పిక్సెల్ 4.3 మైక్రాన్లు. 50 మి.మీ. లెన్సుతో పిక్సెల్‌కు దాదాపు 18 ఆర్క్ సెకన్లు వస్తాయి, కాబట్టి రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ దాకా చుక్కలు గుండ్రంగానే ఉంటాయి. 135 మి.మీ.తో పిక్సెల్‌కు ఆరున్నర ఆర్క్ సెకన్లే, సెకను దాటితే సాగిపోతాయి. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే పాత సూత్రం ఇప్పటి సెన్సర్లకు మరీ ఉదారమైనది. దాన్ని నమ్మొద్దు. 50 మి.మీ. లెన్సును ఎఫ్/2.8కు తగ్గించి, రెండున్నర సెకన్ల ఫ్రేములు వెయ్యి తీస్తే 42 నిమిషాలు పోగవుతాయి. ఎం42 రెక్కలు, గులాబీ రంగు కనిపించడానికి ఇది చాలు. ఫ్రేమింగ్ జారిపోకుండా పదేసి నిమిషాలకోసారి కెమెరాను సర్దాలి.

డబ్బు పెట్టే వరుస ఇది: ముందు ట్రాకర్, తర్వాత ఫిల్టర్, చివర లెన్సు. చాలామంది లెన్సుతో మొదలుపెడతారు. ట్రాకర్ లేని ఖరీదైన లెన్సుతో సెకను ఫ్రేములే మిగులుతాయి. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్, ఐఆప్ట్రాన్ స్కైగైడర్ ప్రో లాంటివి కెమెరాను భూమి తిరిగే వేగంతో వ్యతిరేక దిశలో తిప్పుతాయి. వాటి కింద బలమైన ట్రైపాడ్ ఉండాలి. సన్నకాళ్ల ట్రైపాడే ఉంటే కాళ్లు చాచకుండా, నడుముకు ఇసుక సంచి కట్టండి.

లెన్సుకు 135 మి.మీ. ప్రైమ్ (జూమ్ లేనిది) చక్కని కొలత. శామ్యాంగ్ 135 ఎఫ్/2 పేరున్నది. పాత మాన్యువల్ 135 మి.మీ. ఎఫ్/2.8 లేదా ఎఫ్/3.5 లెన్సును అడాప్టర్‌తో కెనాన్‌కు తగిలించినా మంచి ఫలితమే వస్తుంది. ఉన్నది 55-250 కిట్ జూమ్ అయితే 135 నుంచి 200 మధ్య వాడండి. కాంతి తక్కువ కాబట్టి సమయం పెంచాలి. 200 మి.మీ. లోపు, ట్రాకర్ తప్పులను సరిదిద్దే గైడింగ్ కెమెరా అక్కర్లేదు.

మిగతా చిన్న వస్తువులు: వరుసగా ఫ్రేములు తీయించే ఇంటర్‌వాలోమీటర్, పవర్ బ్యాంక్, కెమెరా బ్యాటరీ చోట పెట్టే డమ్మీ బ్యాటరీ, చెమ్మ పట్టకుండా లెన్సుకు చుట్టే యూఎస్‌బీ డ్యూ హీటర్ పట్టీ, ఫోకస్ సరిచూసే బహ్తినోవ్ మాస్క్, ఎర్ర లైటు. వోల్టేజీ కన్వర్టర్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. డమ్మీ బ్యాటరీకి మీ కెమెరా బ్యాటరీ మీద రాసిన వోల్టేజీకి దగ్గరగానే ఇవ్వాలి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే తగిలించండి.

ఇంత కూర్పు ఓపిక లేనివాళ్లకు సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపులు ఉన్నాయి. లోపలే రెండు గీతల ఫిల్టర్, ట్రాకింగ్, స్టాకింగ్ (ఫ్రేములను పేర్చి కలపడం) అన్నీ ఉంటాయి. ఫలితం వస్తుంది, కానీ దృశ్య క్షేత్రం చిన్నది. రోజెట్, నార్త్ అమెరికా లాంటి పెద్దవి ఒక్క ఫ్రేములో పట్టవు.

ఫిల్టర్ గురించి కాస్త వివరంగా

సోడియం దీపాల కాలంలో 589 నానోమీటర్ల చుట్టుపక్కల పసుపును ఆపేసే సీఎల్ఎస్ ఫిల్టర్లు బాగా పనిచేసేవి. వీధి దీపాలు తెల్ల ఎల్ఈడీలుగా మారాక వాటి ప్రయోజనం తగ్గింది, ఎందుకంటే ఎల్ఈడీ కాంతి నీలం నుంచి ఎరుపు దాకా ఆగకుండా పరుచుకుంటుంది. ఇప్పుడు కొనాల్సింది హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ గీతలను మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్. ఆప్టోలాంగ్ ఎల్-ఎక్స్‌ట్రీమ్, ఎస్‌వీబోనీ ఎస్‌వీ220 ఏడు నానోమీటర్ల వెడల్పు రకాలు. నగరానికి ఇవి సరైనవి.

రెండంగుళాల ఫిల్టర్ మర 48 మి.మీ. ఉంటుంది. లెన్సు ముందు స్టెప్-డౌన్ రింగులతో బిగించొచ్చు: 77 మి.మీ. మర ఉన్న 135 లెన్సుకు 77 నుంచి 48కి దించే రింగులు కావాలి. అప్పుడు 135ను 48తో భాగిస్తే సుమారు ఎఫ్/2.8. అంటే ఫిల్టరే అపర్చర్‌గా పనిచేస్తుంది. లెన్సు అపర్చర్‌ను పూర్తిగా తెరిచి ఉంచండి. బ్లేడ్ల వల్ల చుక్కల చుట్టూ వచ్చే ముళ్లు కూడా పోతాయి.

ఇదే ఫిల్టర్‌ను 50 మి.మీ. లెన్సు ముందు పెడితే మాత్రం చిక్కు. ఏపీఎస్-సీ సెన్సర్ (1300డీ లాంటి కెమెరాల్లో ఉండేది) మూలలకు కాంతి 15 డిగ్రీల వాలుగా ఫిల్టర్‌లోంచి వస్తుంది. వాలుగా వచ్చినప్పుడు ఫిల్టర్ వదిలే గీత నీలం వైపు ఆరేడు నానోమీటర్లు జరుగుతుంది. ఏడు నానోమీటర్ల వెడల్పు ఫిల్టర్‌కు అది చాలు, మూలల్లో హైడ్రోజన్ మాయమై మధ్యలో మాత్రం ఎర్ర వృత్తం మిగులుతుంది. 135 మి.మీ. దగ్గర ఈ జరుగుడు ఒక నానోమీటరే, దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

మార్చని డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ముందున్న గాజు, హైడ్రోజన్ ఆల్ఫాలో దాదాపు నాలుగో వంతునే లోపలికి రానిస్తుంది. అందుకే రోజెట్ లాంటి ఎర్ర నెబ్యులాలకు గంటలు ఎక్కువ పడతాయి. ఆ గాజును తీయించడం నిజంగా పెద్ద మెట్టు, కానీ వారంటీ పోతుంది, మామూలు ఫొటోల రంగు మారుతుంది. కనీసం ఒక శీతాకాలం మార్చకుండా తీశాక నిర్ణయించుకోండి.

మేడ మీద చోటు

పిట్టగోడ మీద ట్రైపాడ్ పెట్టొద్దు. గోడ నీడలో, వీధి లైటు నేరుగా లెన్సు మీద పడని చోట నేల మీద పెట్టండి. పక్క మేడ మీది బల్బు లెన్సు అంచున తగిలినా ఫ్రేములో వాలు వెలుగు వస్తుంది, అది ప్రాసెసింగ్‌లో అంత తేలిగ్గా పోదు. పొడవాటి లెన్స్ హుడ్ లేకపోతే నల్ల చార్టుతో గొట్టం చుట్టండి. స్లాబు కదులుతుంది: ఎవరైనా నడిచినా, నీళ్ల మోటారు ఆన్ చేసినా చుక్కలు రెండుగా కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లకు చెప్పి ట్యాంకు ముందే నింపుకోండి.

నగరం ఏ వైపు ఉందో అటు ఆకాశం తెల్లగా ఉంటుంది. కొంపల్లి నుంచి దక్షిణం, హయత్‌నగర్ నుంచి పడమర, మియాపూర్ నుంచి ఆగ్నేయం కష్టం. నెబ్యులా నగరం వైపు వాలకముందే, 40 డిగ్రీల పైన ఉండగానే ముగించండి. కెరీనాకు ఈ నియమం పెట్టలేం కాబట్టి నగరానికి దక్షిణాన ఉన్నవాళ్లకే అది ఎక్కువ అందుతుంది.

ధ్రువ అమరిక

ట్రాకర్ తిరిగే ఇరుసు ఖగోళ ఉత్తర ధ్రువం వైపు చూడాలి. హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కింటి మూడో అంతస్తు చాలు, అది కనిపించకుండా పోవడానికి. అందుకే పగలే సిద్ధం కావాలి.

ఫోను దిక్సూచిని స్లాబు మీద నమ్మొద్దు, లోపలి ఇనుప చువ్వలు దాన్ని పక్కదారి పట్టిస్తాయి. సూర్యుడి నీడ నిక్కచ్చిగా చెబుతుంది. స్టెల్లేరియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజు సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటే సమయం చూడండి. డిసెంబర్ మధ్యలో అది సుమారు 12 గంటల 11 నిమిషాలు, ఫిబ్రవరి మధ్యలో 12:30. ఆ నిమిషంలో దారానికి రాయి కట్టి వేలాడదీస్తే పడే నీడే ఉత్తర దక్షిణ రేఖ. దాన్ని పెయింటుతో గీసి, ట్రైపాడ్ కాళ్ల చోట్లు కూడా గుర్తు పెట్టండి. చలికాలంలోనే ఈ పని చేయండి. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నీడే ఉండదు.

ట్రైపాడ్‌ను స్పిరిట్ లెవెల్‌తో సమం చేసి, ట్రాకర్ వాలును సర్దే వెడ్జ్ స్కేలు మీద 17.4 పెట్టండి. స్కేళ్లు ఒక డిగ్రీ అటూ ఇటూ తప్పు చూపిస్తాయి, ఫోనులోని వాలు కొలిచే యాప్‌ను ట్రాకర్ ఒంటికి ఆనించి సరిచూడండి. ఇంత తక్కువ అక్షాంశంలో బరువంతా ఉత్తరం వైపు వాలుతుంది కాబట్టి ఒక కాలు అటు ఉంటే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. కానీ కౌంటర్ వెయిట్ కడ్డీ ఆ కాలికే తగలొచ్చు. మొదలుపెట్టే ముందు క్లచ్ వదిలి చేత్తో పూర్తిగా ఒకసారి తిప్పి చూడండి.

ధ్రువ నక్షత్రం కనిపిస్తే ట్రాకర్ ఇరుసు వెంట చూసే చిన్న దుర్భిణిలో, అంటే పోలార్ స్కోప్‌లో చూసి, యాప్ చూపిన గడియారపు స్థానంలో దాన్ని కూర్చోబెట్టండి. అది అసలు ధ్రువం నుంచి మూడింట రెండు వంతుల డిగ్రీ పక్కకు ఉంటుంది, సరిగ్గా మధ్యలో పెడితే తప్పవుతుంది. కనిపించకపోతే రెండు దారులు. లాప్‌టాప్ ఉంటే ఉచిత సాఫ్ట్‌వేర్ నీనాలో మూడు బిందువుల ధ్రువ అమరిక ప్లగిన్ ఆకాశంలో ఏ భాగం చూసైనా తప్పు ఎంతో చెబుతుంది. లాప్‌టాప్ లేకపోతే డ్రిఫ్ట్ పద్ధతి: మధ్యాహ్న రేఖ దగ్గర, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలోని రేఖ) సమీపంలో ఒక చుక్కను లైవ్ వ్యూలో పెంచి చూడండి. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువగా తిరిగినట్టు, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న చుక్క తీసుకోండి. దక్షిణానికి జారితే ఇరుసు మరీ కిందికి, ఉత్తరానికి జారితే మరీ పైకి ఉంది.

ఎంత కచ్చితంగా ఉండాలి? ఇరుసు ఒక డిగ్రీ తప్పితే చుక్క నిమిషానికి 16 ఆర్క్ సెకన్ల దాకా జారుతుంది. 135 మి.మీ. మీద రెండున్నర పిక్సెళ్లు. అరనిమిషం ఫ్రేముల్లో అది పిక్సెల్ చిల్లరే. కాబట్టి ఫిల్టర్ లేకుండా తీసేటప్పుడు నీడ గీత, వాలు కొలత ఇచ్చే అమరికతోనే పని జరిగిపోతుంది. మూడు నిమిషాల ఫ్రేములకు మాత్రం తప్పు పది ఆర్క్ నిమిషాల (డిగ్రీలో ఆరో వంతు) లోపు ఉండాలి.

ఫోకస్

లెన్సు మీది అనంతం గుర్తు దగ్గర నిజమైన ఫోకస్ ఉండదు. ఆటో ఫోకస్, స్టెబిలైజేషన్ ఆపేయండి. సిరియస్ లేదా రైజెల్‌ను లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి, బహ్తినోవ్ మాస్క్ పెట్టి, మధ్య గీత మిగతా రెంటి నడుమ సరిగ్గా వచ్చేదాకా రింగును వెంట్రుకవాసి తిప్పండి. తర్వాత రింగును టేపుతో అతికించి, అతికించేటప్పుడు కదిలిందేమో మళ్లీ చూడండి. డిసెంబర్ రాత్రుల్లో చల్లబడే కొద్దీ లెన్సు సంకోచిస్తుంది, గంటకోసారి చూసుకోక తప్పదు. చుక్కల చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తే లెన్సు అపర్చర్‌ను ఒక మెట్టు మూయండి.

ఎక్స్‌పోజర్

రా ఫైలు, డేలైట్ వైట్ బ్యాలెన్స్, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఐఎస్ఓ కెనాన్‌కు 800, నికాన్‌కు 400. ఎఫ్/2.8 దగ్గర 20 సెకన్లతో ఒక ఫ్రేము తీసి హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుగు పంపిణీని చూపే గ్రాఫ్) చూడండి. కొండ ఎడమ అంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటే సరే. ఎడమ గోడకు ఆని ఉంటే సమయం పెంచండి, సగం దాటితే తగ్గించండి. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో ఇదే స్థానానికి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ఫిల్టర్ లేకుండా నగరంలో ఒక్కో ఫ్రేమును పొడిగించి లాభం లేదు. 20, 30 సెకన్లకే ఆకాశపు నాయిస్ కెమెరా సొంత నాయిస్‌ను మించిపోతుంది. అక్కడి నుంచి పొడిగిస్తే చుక్కల రంగులు కాలిపోవడం తప్ప వచ్చేదేం లేదు. ఫ్రేముల సంఖ్య పెంచండి. ఎం42కు 30 సెకన్లవి 240 తీస్తే రెండు గంటలు. దాని గుండెలో ఉన్న ట్రపీజియం చుక్కలు ఇందులో తెల్లగా కాలిపోతాయి, కాబట్టి రెండు మూడు సెకన్లవి 30 విడిగా తీసి తర్వాత కలపండి. రోజెట్‌కు ఫిల్టర్‌తో మూడు నిమిషాలవి కనీసం 80, అంటే నాలుగు గంటలు. రెండు మూడు రాత్రుల్లో పూర్తి చేయండి. ప్రతి రాత్రీ మొదటి రాత్రి ఫ్రేమును పక్కన పెట్టుకుని అదే చట్రం, అదే కోణం కుదిరేలా చూసుకోండి.

పదిహేను ఫ్రేములకోసారి కెమెరాను పది ఇరవై పిక్సెళ్లు అటూ ఇటూ జరపాలి. దీన్ని డిథరింగ్ అంటారు. జరపకపోతే సెన్సర్ లోని వేడి పిక్సెళ్లు (కాంతి పడకపోయినా వెలిగేవి), చుక్కల ప్రకారం ఫ్రేములను పేర్చినప్పుడు ఒకే దిక్కుకు జారుతూ స్టాక్‌లో వాననీటి చారల్లా మిగిలిపోతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో ఇది మరీ ఎక్కువ. సెన్సర్ ఆరు డిగ్రీలు వేడెక్కితే దానిలో వేడి వల్ల పుట్టే దొంగ సంకేతం సుమారు రెట్టింపవుతుంది. ఆ నెలల్లో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పది సెకన్ల విరామం ఇవ్వండి, లైవ్ వ్యూ స్క్రీన్ ఆన్‌లో వదలకండి.

చెమ్మ పట్టడం బయటికి కనిపించదు. ఫ్రేములు ఒకదాని తర్వాత ఒకటి మసకబారుతూ, చుక్కల చుట్టూ కాంతి వలయాలు పెరుగుతుంటే లెన్సు మీద చెమ్మే. గుడ్డతో తుడవొద్దు. హీటర్ పట్టీని మొదటి నుంచే వేసి ఉంచడం మేలు.

డార్క్, ఫ్లాట్, బయస్

నగరంలో ఫ్లాట్ ఫ్రేములు మానేస్తే మిగతా శ్రమంతా నీరుగారుతుంది. నేపథ్యం ప్రకాశంగా ఉంటుంది గనుక లెన్సు అంచుల చీకటి, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు పదింతలై కనిపిస్తాయి. పని ముగిశాక ఫోకస్ కదపకుండా, లెన్సు మీద రెండు మడతల తెల్ల బట్ట కప్పి, దాని మీద తెల్ల స్క్రీన్ పెట్టిన ట్యాబ్ ఆనించి, హిస్టోగ్రామ్ మధ్యలోకి వచ్చేలా 30 తీయండి. షట్టర్ సెకనులో పదో వంతు కంటే నెమ్మదిగా ఉండాలి, లేకపోతే స్క్రీన్ మినుకు వల్ల ఫ్రేముకు అడ్డంగా పట్టీలు వస్తాయి.

సెన్సర్ వేడి గుర్తులను తీసివేయడానికి డార్కులు 25: మూత పెట్టి, వ్యూఫైండర్ కప్పి, అదే సమయం, అదే ఐఎస్ఓ, అదే చలిలో. మర్నాడు ఇంట్లో తీస్తే వేడి తేడా వల్ల పనికిరావు. కెమెరా ప్రతి ఫ్రేముకూ కలిపే అడుగు సంకేతాన్ని తీసివేయడానికి బయస్‌లు 50: మూతతో, కెమెరా ఇచ్చే అతి తక్కువ షట్టర్ సమయంతో. వీటిని ఒకసారి తీసి నెలల తరబడి వాడుకోవచ్చు.

కంప్యూటర్ పని

ఫ్రేములను పేర్చి కలిపే సాఫ్ట్‌వేర్ సిరిల్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఒక ఫోల్డర్‌లో లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయసెస్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో నాలుగు ఫోల్డర్లు చేసి ఫైళ్లు సర్దండి. ముందుగా లైట్లన్నీ, అంటే నెబ్యులాను తీసిన అసలు ఫ్రేములన్నీ, ఒక్కొక్కటిగా తిరగేసి మబ్బు పట్టినవి, కదిలినవి తీసేయండి. విమానం గీతలున్నవి వదిలేయొచ్చు, స్టాకింగ్‌లో అవి వాటంతట అవే పోతాయి. తర్వాత సిరిల్‌లోని ఓఎస్‌సీ (రంగు కెమెరాల) ప్రీప్రాసెసింగ్ స్క్రిప్ట్ నడపండి. డ్యూయల్ బ్యాండ్‌తో తీసినవాటికి హైడ్రోజన్, ఆక్సిజన్‌లను విడదీసే స్క్రిప్ట్ వేరే ఉంది. డిస్క్‌లో చోటు చూసుకోండి: 18 మెగాపిక్సెళ్ల ఫ్రేము 32 బిట్లలో రంగులతో 216 మెగాబైట్లు అవుతుంది. 240 ఫ్రేములకు, రెండు దశలకు కలిపి 100 జీబీ దాటుతుంది. స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

స్టాక్ వచ్చాక అంచుల్లోని చెత్త కత్తిరించి, వెంటనే నేపథ్యపు వాలు వెలుగు తీయాలి. ఫొటోను సాగదీసి ప్రకాశవంతం చేయకముందే ఈ పని కావాలి, తర్వాత చేస్తే రంగులు చెదురుతాయి. సిరిల్‌లోని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ గానీ, ఉచితంగా దొరికే గ్రాఎక్స్‌పర్ట్ గానీ వాడండి. నమూనా బిందువులు నెబ్యులా మీద పడితే అది దాన్నే వెలుగనుకుని మింగేస్తుంది. ఎం42 చుట్టూ పలచని మబ్బు చాలా దూరం పరుచుకుని ఉంటుంది కాబట్టి బిందువులను ఒక్కొక్కటే చూసి తీసేయాలి. ముందు అతి సరళమైన, ఒకటో డిగ్రీ వక్రంతో ప్రయత్నించి, చాలకపోతేనే పెంచండి.

ఆ తర్వాత ప్లేట్ సాల్వ్ చేసి (చుక్కల అమరికను బట్టి ఆకాశంలో చోటు గుర్తించి), నక్షత్రాల అసలు రంగుల ఆధారంగా కలర్ క్యాలిబ్రేషన్, ఆకుపచ్చ నాయిస్ తొలగింపు, చివరగా సాగదీత. ఆటోస్ట్రెచ్ చూపేది నమూనా మాత్రమే, దాన్నే సేవ్ చేయకండి. జనరలైజ్డ్ హైపర్‌బోలిక్ స్ట్రెచ్‌ను చిన్న చిన్న మోతాదుల్లో నాలుగైదుసార్లు ఇవ్వండి, ప్రతిసారీ హిస్టోగ్రామ్ ఎడమ అంచు తెగకుండా చూసుకుంటూ. నేపథ్యాన్ని కటిక నలుపు చేయాలనే ఆశ సహజం, కానీ అలా చేస్తే గంటల తరబడి పోగేసిన పలచని అంచులే ముందు పోతాయి. ముదురు బూడిద రంగు దగ్గర ఆగండి.

ఫలితం చూసి కారణం పట్టుకోవచ్చు. చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగితే ధ్రువ అమరికో ట్రాకర్ వేగమో తప్పు. క్లచ్ జారినా అలాగే అవుతుంది. మూలల్లో మాత్రమే సాగితే లెన్సు లోపం, అపర్చర్ మూయండి. కొన్ని ఫ్రేముల్లో గుండ్రంగా, కొన్నింటిలో సాగి ఉంటే ట్రాకర్ పళ్ల చక్రాల లోపం, ఒక్కో ఫ్రేము సమయం తగ్గించండి. ఫ్లాట్ వేశాక కూడా మూలలు చీకటిగానే మిగిలితే ఫ్లాట్లు సాచురేట్ అయి (కాంతి నిండిపోయి) ఉంటాయి, లేదా బయస్‌లు తీసివేయకుండా వాడి ఉంటారు. ఎరుపు అసలే రాకపోతే ముందు మొత్తం సమయం లెక్క చూడండి. గంట లోపే అయితే ఇంకే మార్పూ చేయకుండా వచ్చే అమావాస్యకు అదే చట్రంలో మరో మూడు గంటలు తీసి పాత ఫ్రేములతో కలపండి. రా ఫైళ్లను చెరపకండి, వచ్చే ఏడాది అదే లెన్సుతో తీసినవి కూడా వీటికే కలుస్తాయి.